సీసా మీద ఇంటిపేరు



పోయినసారి మేము నౌబాద్ సురంగ బావుల గురించి రాస్తే చాలామంది ఓపికగా చదివి ఫోన్లు చేశారు. ఈసారి విషయం చూసి కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. విషయం వైన్, అందులోనూ ఫ్రాన్సు దేశపు వైన్. ముందే చెప్పేస్తున్నాము: మేము తాగము, ఎవరినీ తాగమని చెప్పము. మా ఇంటికి వచ్చిన సీసా మూత ఇప్పటికీ తియ్యలేదు. ఇది తోటల చరిత్ర, మట్టి చరిత్ర, పేర్ల చరిత్ర. పొడుగ్గా ఉంటుంది కాబట్టి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మన సంఘంలోని ఒక తమ్ముడి కొడుకు ఫ్రాన్సులో వ్యవసాయ చదువు ముగించుకుని దీపావళికి వచ్చాడు. ద్రాక్షతోటలో నిలబడి తీయించుకున్న ఫొటో మన గ్రూపులో పెట్టాడు. దాని కింద ఒకరు "సారా కొట్లో చదువా?" అని రాశారు, ఇంకొకరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ తమ్ముడు ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కోపంతో రాలేదు, ఒక ప్రశ్నతో వచ్చాడు. హుమ్నాబాద్ రోడ్డు వైపు ఆయనకు మూడెకరాలు ఉంది. ఒక ఏజెంటు వచ్చి వైన్ ద్రాక్ష వెయ్యండి, కాబర్నే వెయ్యండి, కంపెనీ వచ్చి కొనుక్కుంటుంది, బ్యాంకు లోను మేమే ఇప్పిస్తాము అన్నాడట. "అన్నా, మీరు ద్రాక్ష ఊళ్లో పుట్టినవారు. వెయ్యమంటారా?" అని అడిగాడు. ఆ పూట మేము ఏమీ చెప్పలేకపోయాము. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబే.

అబ్బాయి సంచిలోంచి ఒక సీసా తీసి మా బల్ల మీద పెట్టాడు. అలవాటు కొద్దీ ముందు లేబుల్ చదివాము. 36 ఏళ్లు పార్సిల్ ఆఫీసుల్లోనూ బుకింగ్ కిటికీల వెనకా గడిపినవాళ్లం. ఏ మూట కనబడినా మా కళ్లు రెండు సంగతులు వెతుకుతాయి: ఎక్కడి నుంచి వచ్చింది, లోపల ఏముంది. ఈ సీసా మీద సంవత్సరం ఉంది, ఊరి పేరు ఉంది, నింపినవారి పేరు ఉంది, మద్యం ఎంత శాతమో ఉంది. లోపలున్నది ఏ ద్రాక్షో మాత్రం ఒక్క ముక్క లేదు. "సరుకు పేరు రాయకపోతే మా రోజుల్లో పార్సిల్ బుక్ చేసేవాళ్లం కాదు బాబూ" అన్నాము. వాడు నవ్వి, "అక్కడ ఊరి పేరే సరుకు పేరు పెదనాన్నా" అన్నాడు.

సీసా మీది ఊరు జెవ్రే షాంబెర్తాన్. ఫ్రాన్సుకు తూర్పున బర్గండీ అనే సీమలో ఒక పల్లె. ఆ ఊరి పేరుతో వైన్ వచ్చిందంటే అది పినో న్వార్ అనే నల్లద్రాక్షదని అక్కడివాళ్లకు తెలుసు. అందుకే రాయరు. బీదర్ స్టేషనులో బండి ఆగితే బి.ఐ.డి.ఆర్. అనే నాలుగు అక్షరాలు చాలు కదా, మిగతా వివరం మాకు తెలుసు. అదే పద్ధతి.

ఇది మాకు వెంటనే మనసుకెక్కింది. ఎందుకో చెప్తాము. మాది కంబం లోయ. ఇప్పుడు తేని జిల్లా, మా చిన్నప్పుడు మదురై జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు చదవడం మా నాయనమ్మ దగ్గర, రాయడం రైల్వేలో చేరాక నేర్చుకున్నాము. అందుకే మా రాతలో తప్పులుంటే ఎప్పటిలాగే మన్నించండి. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లలో ఎన్నో ఊరి పేర్లే. మనిషి ఎక్కడికి వలసపోయినా వెనక వదిలి వచ్చిన ఊరు పేరు ముందు నిలబడి ఉంటుంది. మా ఇంటిపేరూ అలాంటిదే. తాతల తాతలు ఎప్పుడో వదిలేసిన ఊరు. బడిలో చేర్చిన రోజున తమిళ పద్ధతి ప్రకారం మా నాన్న పేరులోని మొదటి అక్షరం ఒక్కటి మా పేరు ముందు పెట్టారు. ఇంటిపేరు రిజిస్టరుకెక్కలేదు. తర్వాత రైల్వే సర్వీసు పుస్తకంలోనూ ఎక్కలేదు, పెన్షను కాగితాల్లోనూ లేదు. మా మనవరాలికి ఆ ఊరి పేరు తెలియదు. ఫ్రెంచివాడు సీసా మీద సొంతపేరు వదిలేసి ఇంటిపేరు రాస్తాడు. మేము మనుషులమై ఉండి ఇంటిపేరు వదిలేశాము.

జెవ్రే వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఆ ఊరి పొలిమేరలో అన్నిటికన్నా గొప్ప తోట పేరు షాంబెర్తాన్. 1847లో ఊరే తన పేరు చివర ఆ తోట పేరు తగిలించుకుంది. మన దగ్గర మనుషులు ఊరి పేరు పెట్టుకుంటే అక్కడ ఊరు తోట పేరు పెట్టుకుంది.

ఊరికి ఇంత విలువ ఎందుకు అంటే వాళ్లు ఒక మాట చెప్తారు, తెర్వార్ అని. మట్టి, కింద ఉన్న రాయి, నేల వాలు, ఎండ పడే దిక్కు, గాలి, నీరు ఇంకే తీరు, తరతరాలుగా అక్కడ సేద్యం చేసిన అలవాటు, అన్నీ కలిపి ఒకే మాట. తమిళంలో మణ్‌వాసనై అంటారు, మనం మట్టి వాసన అంటాము. బీదర్ వాళ్లకు ఇది అర్థం చేసుకోవడానికి ఫ్రాన్సు దాకా పోనక్కర్లేదు. మన బిద్రీ పనివాళ్లను చూడండి. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు, వెండి తీగ పొదుగుతారు. అప్పటికి ఆ కూజా బూడిద రంగులో ఉంటుంది. చివర్లో కోట లోపలి పాత మట్టి తెచ్చి నవాసారం కలిపిన నీళ్లలో వేసి ముంచితే లోహం కారునలుపు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఏళ్ల తరబడి ఎండా వానా తగలని చోటి మట్టి అయితేనే ఆ నలుపు వస్తుందంటారు. మట్టి మంచిదా కాదా అని ఎలా చూస్తారు? చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటారు. వైన్ రుచి చూసి ఊరు చెప్పేవాళ్లను వేళాకోళం చేసేవారు ఒకసారి మన పాతపట్నం వెళ్లి ఆ పనివాళ్లను చూసి రావాలి. అదే జింకు, అదే వెండి, అదే చెయ్యి ఉన్నా మట్టి మారితే బిద్రీ కాదు.

ఇక ఆ దేశం సీమలు ఒక్కొక్కటీ చూద్దాము.

బర్గండీతోనే మొదలుపెడదాము, ఎందుకంటే ఈ మట్టి లెక్క అందరికన్నా ముందు, అందరికన్నా పిచ్చిగా వేసింది వాళ్లే. 1098లో అక్కడ సీతో అనే చోట ఒక క్రైస్తవ మఠం వెలిసింది. ఆ సన్యాసులు వూజో అనే ఊళ్లో పెద్ద తోట వేసి చుట్టూ గోడ కట్టారు. తరాల తరబడి ఏ మడి కాయ ఏ రుచి ఇస్తుందో గమనించి, మడికీ మడికీ మధ్య తేడా గుర్తుపెట్టుకున్నారు. అక్కడ నల్లద్రాక్ష పినో న్వార్, తెల్లద్రాక్ష షార్డొనే, ప్రధానంగా ఈ రెండే. పినో న్వార్ మహా గారాల పిల్ల. తోలు పలచన, కాపు తక్కువ, చలికీ వానకీ వెంటనే బెంగపెట్టుకుంటుంది. పక్కనే గామే అనే రకం ఉంది. కాపు విరగ్గాస్తుంది, త్వరగా పండుతుంది. రైతు ఏది వేస్తాడు? గామే వేశాడు. 1395లో అక్కడి పాలకుడు ఫిలిప్ ద బోల్డ్ అనే డ్యూకుకి కోపం వచ్చి, గామే పనికిమాలిన తీగ, అంతా పీకెయ్యండి అని శాసనం చేశాడు. రైతు కడుపు మీద కొట్టాడని మొదట మాకు అనిపించింది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. అదే గామే దక్షిణాన బోజొలే కొండల్లో నల్లరాతి నేల మీద పడేసరికి పేరు తెచ్చుకుంది, నేటికీ అక్కడ దానిదే రాజ్యం. సున్నపురాతి నేల మీద పనికిరాదన్నది గ్రానైటు నేల మీద వన్నెకెక్కింది. తప్పు తీగది కాదు, చోటుది. బదిలీల మీద బతికిన మాకు ఈ గామే మీద కాస్త అభిమానం ఉంది.

ఫ్రెంచి విప్లవం తర్వాత మఠం భూములు అమ్మేశారు. ఆ పైన వారసులకు సమాన వాటాలు అనే చట్టం వచ్చింది. సన్యాసుల గోడ లోపలి వూజో తోట మొత్తం సుమారు 50 హెక్టార్లు, అంటే 125 ఎకరాలు. ఇవాళ దానికి 80 మంది దాకా సొంతదార్లు. అన్నదమ్ముల వాటాల్లో రెండు వరసల తీగ వచ్చినవాళ్లూ ఉంటారు. మన ఊళ్లలో పాలుపంపకాలు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే, ఎన్ని ముక్కలైనా తోట పేరు ముక్కలు కాలేదు.

బోర్డో వ్యవహారం వేరు. పడమటి సముద్రానికి దగ్గర, పెద్ద నది, రేవు, వ్యాపారం. 1152లో ఆ సీమ రాణి ఎలియనోర్ పెళ్లాడిన హెన్రీ రెండేళ్లకే ఇంగ్లండుకి రాజయ్యాడు. 1453 దాకా, మూడొందల ఏళ్లు బోర్డో ఇంగ్లీషు రాజుల చేతిలోనే ఉంది. ఆ ఊరి వైన్‌కి ఇంగ్లండు గిరాకీ అలా అంటుకుంది. తర్వాత డచ్చివాళ్లు వచ్చి 17వ శతాబ్దంలో మెడోక్ అనే చిత్తడి నేలలో కాలవలు తవ్వి నీళ్లు దించితే కింద గులకరాళ్ల దిబ్బలు బయటపడ్డాయి. ఆ గులక మీద కాబర్నే సావిన్యో బాగా పండుతుంది. రాళ్లు పగటి వేడి పట్టుకుంటాయి, నీరు నిలవనివ్వవు. నదికి అవతలి ఒడ్డున బంకమట్టి ఎక్కువ, అక్కడ మెర్లో. సంవత్సరం ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి రెండూ మూడూ రకాలు పెంచి రసాలు కలుపుతారు. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి ఆదుకుంటుంది. మన పాతరైతు జొన్నలో కందిసాళ్లు వేసినట్టు.

1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం బోర్డో దళారులు అప్పటి ధరల్ని బట్టి మెడోక్ తోటలను అయిదు తరగతులుగా చీటీ రాశారు. ఆ చీటీ ఇప్పటికీ చెల్లుతోంది. మూతాన్ రాత్‌షీల్డ్ అనే తోటను రెండో తరగతిలో వేశారు. దానికి మొదటి తరగతి ప్రమోషను 1973లో వచ్చింది. 118 ఏళ్లు! మేము హెడ్ క్లర్కు కావడానికి 14 ఏళ్లు పట్టిందని మా ఆవిడ దగ్గర ఎన్నిసార్లు గొణిగామో. ఇంకెప్పుడూ గొణగము.

దక్షిణాన రోన్ నది లోయ. ఎగువన నిట్టనిలువు రాతి వాలుల మీద సిరా అనే రకం. దాని వైన్ రంగు నిజంగానే మన కలంలో పోసే సిరా లాగా ఉంటుందని అబ్బాయి చెప్పాడు. దిగువన షాతోనఫ్ దు పాప్ అనే ఊరు. ఆ పేరుకి అర్థం పోపుగారి కొత్తకోట. 14వ శతాబ్దంలో పోపులు రోము వదిలి దగ్గర్లోని అవీన్యోలో కాపురం పెట్టినప్పుడు కట్టుకున్న కోట. మనకీ కొత్తకోటలున్నాయి గానీ ఈ కొత్తకోట వాళ్లు 1954లో ఒక వింత చేశారు. ఎగిరే పళ్లేలు తమ ద్రాక్షతోటల్లో దిగకూడదని గ్రామ పరిపాలన ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పటిదాకా ఒక్కటీ దిగలేదట. ఉత్తర్వు బాగా అమలైనట్టే.

అల్సాస్ ఒక్కటీ వేరు దారి. జర్మనీ సరిహద్దు సీమ, 1871 నుంచి 1918 దాకా జర్మనీ కిందే ఉంది. అక్కడ సీసా మీద రీస్లింగ్ అని ద్రాక్ష పేరే రాస్తారు. సరిహద్దు సీమల్లో పేర్లు రాసే పద్ధతి రెండు రకాలుగా ఉంటుందని 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి తర్వాత మైసూరులో చేరిన బీదరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. షాంపేన్ గురించి అందరికీ తెలిసిందే, ఉత్తరాన సుద్దనేల, చలి, బుడగలు. డోమ్ పెరీన్యో అనే సన్యాసి ఆ బుడగలను కనిపెట్టాడంటారు గానీ అది కట్టుకథ. మాకు ఆ సీమలో ముఖ్యమైంది బుడగలు కావు, 1911లో జరిగిన గొడవ. దానికి కాస్త వెనక్కి వెళ్లాలి.

1860ల్లో అమెరికా నుంచి తెచ్చిన మొక్కలతో పాటు ఫిలోక్సెరా అనే కంటికి ఆనని పురుగు ఫ్రాన్సు చేరింది. వేరును పట్టి పీలుస్తుంది. ముప్ఫై ఏళ్లలో దేశమంతా తోటలు ఎండిపోయాయి. చివరికి మందు కూడా అమెరికా నుంచే వచ్చింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగ వేరు మీద ఫ్రెంచి తీగను అంటు కట్టారు. ఇవాళ మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక తోటల్లో మనవాళ్లు డాగ్‌రిడ్జ్ వేరు మీద కడుతున్నది అమెరికా జాతి అంటే, కాకపోతే మన దగ్గర కారణం పురుగు కాదు, ఉప్పునీరు, కరువు.

ఆ కరువు కాలంలో సరుకు లేదు, గిరాకీ ఉంది. అలాంటప్పుడు ఏమవుతుందో పార్సిల్ క్లర్కును అడగండి. ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు, పంచదార, రంగు కలిపి వైన్ అని అమ్మారు. ఎక్కడిదో రసం తెచ్చి గొప్ప ఊరి పేరు అతికించారు. రైలు లేకపోతే ఇదంతా ఇంత జోరుగా సాగేది కాదని ఒప్పుకోవాలి. దక్షిణాది చౌక సరుకును పారిస్‌కు మోసిందీ రైలే, షాంపేన్‌కి బయటి ద్రాక్షను మోసిందీ రైలే. మా శాఖ చేసిన పుణ్యంతో పాటు పాపమూ రాయాలి కదా.

తోటలు మళ్లీ పచ్చబడేసరికి ధర పాతాళంలో ఉంది. 1907లో దక్షిణాన లాంగ్‌డాక్ రైతులు వీధికెక్కారు. మోంపెలియే పట్టణంలో లక్షల మంది చేరారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపితే మనుషులు చనిపోయారు. ఒక పటాలంలో సిపాయిలు ఆ ద్రాక్షరైతుల పిల్లలే, వాళ్లు తిరగబడ్డారు. 1911లో షాంపేన్ రైతులు బయటి నుంచి ద్రాక్ష తెప్పిస్తున్న వ్యాపారుల మీద పడ్డారు. బండ్లు బోర్లదోశారు, పీపాలు పగలగొట్టారు, ఐ అనే ఊళ్లో వ్యాపారుల ఇళ్లు తగలబెట్టారు. వాళ్లు అడిగింది ఒక్కటే: మా ఊరి పేరు మా మట్టిలో పండినదానికే ఉండాలి.

ఇళ్లు తగలబెట్టకుండా ఆ పని చేసి చూపించింది ఇందాకటి పోపుగారి కొత్తకోట వాళ్లు. 1923లో బారన్ లెరువా అనే ఆయన ముందుండి, రైతులు తమకు తామే కట్టడి రాసుకున్నారు. ఏ రకాలు వెయ్యాలి, ఎలా కత్తిరించాలి, కాయలో తీపి ఎంత ఉండాలి. హద్దు ఎలా గీశారో వినండి. లావెండరు, థైమ్ అనే రెండు పిచ్చిమొక్కలు ఎక్కడ కలిసి మొలుస్తాయో అదే తోట నేల. మా నాయనమ్మ తంగేడు మొలిచిన చోటు చూసి నేల గుణం చెప్పేది, ఆ రకం తెలివి. 1935లో ప్రభుత్వం ఈ పద్ధతిని దేశం మొత్తానికి చట్టం చేసింది. అప్పటి నుంచి ఊరి పేరు వాడాలంటే ఆ హద్దులోనే పండాలి, చెప్పిన రకమే వెయ్యాలి, హెక్టారుకు ఇంతకు మించి దిగుబడి తియ్యకూడదు. చాలా చోట్ల నీళ్లు పెట్టడం మీద కూడా ఆంక్ష ఉంది. ఊరి పేరు ఎవరి సొత్తూ కాదు, అమ్మడానికి లేదు, ఆ నేల మీద సేద్యం చేస్తున్నంత కాలం అందరిదీ.

ఇక మన గడ్డకు వద్దాము. బీదరులో వైన్ ఏమిటని అడిగేవారికి ఒక మాట. బహమనీ దర్బారులో తాగుడు లేకపోలేదు. మన మదరసా కట్టించిన మహమూద్ గవాన్‌ను 1481 ఏప్రిల్‌లో కొండపల్లి శిబిరంలో చంపించినప్పుడు సుల్తాను మూడో మహమ్మద్ షా మత్తులో ఉన్నాడు. మరుసటి ఏడాదే తనూ పోయాడు. కానీ ఈ దేశంలో జనం తాగింది ద్రాక్షది కాదు. గవాన్ కాలంలోనే బీదరు వచ్చిన రష్యా వర్తకుడు నికితిన్ ఇక్కడి మద్యం కొబ్బరితో చేస్తారని రాసుకున్నాడు. ఇప్పటికీ జహీరాబాదు దాటగానే ప్రతి మలుపులో వైన్స్ అనే బోర్డు ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. మనకు ద్రాక్ష అంటే తినే పండు. కవిత్వంలో కూడా నోట్లో వేసుకోగానే కరిగేదాన్ని ద్రాక్షాపాకం అన్నారు. ద్రాక్షారామానికీ ద్రాక్షకీ సంబంధం లేదు, అది దక్షారామం.

మన వైపు తినే ద్రాక్షకు రాజు అనాబ్-ఎ-షాహీ. 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో నాటిన తీగ. అనాబ్ అంటే ద్రాక్ష, షాహీ అంటే రాజుగారిది. కాస్త పొడుగు కాయ, లేత తేనె రంగు, లోపల గింజ. హైదరాబాదు చుట్టూ ఎర్ర చెలకల్లో రాతి కడీల మీద పందిళ్లు వేసి పండించారు. కాపు చూసి బయటి దేశాల వాళ్లు ఆశ్చర్యపోయేవారు. మేము 1984లో సికిందరాబాదులో చేరినప్పుడు ఎండాకాలం ముందు పార్సిల్ ప్లాట్‌ఫారం మీద ఆ బుట్టలే. త్వరగా చెడే సరుకు కాబట్టి ముందు ఎక్కించాలి. బుట్ట సందుల్లోంచి కారిన రసానికి ఈగలు, చేతులు జిగట, మస్టరు పుస్తకం పేజీలు అతుక్కునేవి.

మా బావమరిదికి మేడ్చల్ వైపు రెండెకరాల అనాబ్ తోట ఉండేది. 1988లో ఆయన పందిరి మార్చాలంటే మేము ప్రావిడెంట్ ఫండు లోను తీసి కడీలకూ తీగకూ ఇచ్చాము. మూడేళ్లు బాగా కాసింది. తర్వాత బూజు తెగులు, బోరు అడుగంటడం. ఈలోగా గింజలేని థామ్సన్ ద్రాక్ష బజారుకెక్కింది. పిల్లలు గింజ ఉమ్మడం మానేశారు. 1996లో ప్లాట్ల వాళ్లు వచ్చి పదేళ్ల పంట ఒక్కసారి ఇస్తామన్నారు. రిజిస్ట్రేషను ఆఫీసులో సాక్షి సంతకం పెట్టింది మేమే. ఆ రోజు మా లోను డబ్బు వడ్డీతో సహా తిరిగొచ్చిందని సంతోషపడ్డాము, దాచడం ఎందుకు. తోట కొట్టేసిన రోజు బావమరిది భోజనం చెయ్యలేదని మా ఆవిడ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

అబ్బాయి కథలన్నీ చెప్పాక మాకు తట్టింది అదే. అనాబ్-ఎ-షాహీ పేరులో రాజు ఉన్నాడు, ఊరు లేదు. ఆ నేల పోయినప్పుడు పేరు పోతోందని ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే పేరుకూ నేలకూ ముడి లేదు. షాంబెర్తాన్‌లో ప్లాట్లు వెయ్యాలంటే ముందు ఆ ఊరి పేరునే చెరిపెయ్యాలి.

మన దేశంలోనూ ఇప్పుడు జి.ఐ. గుర్తింపు ఉంది. బిద్రీకి ఉంది. బెంగళూరు చుట్టుపక్కల పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు 2013లో వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ ద్రాక్ష అసలు పేరు ఇసబెల్లా, అమెరికా జాతి. ఫ్రాన్సు 1934 చివర్లో చట్టం చేసి వైన్‌కి వాడరాదన్న ఆరు రకాల్లో అదొకటి. అక్కడ బహిష్కరణ, ఇక్కడ ఊరి పేరుతో పట్టాభిషేకం. గామేకి వచ్చిన అదృష్టమే. మా కంబం పన్నీరు ద్రాక్షకు 2023లో వచ్చింది. 1832లో ఒక ఫ్రెంచి పాదిరీ తెచ్చాడని మా వైపు చెప్పుకుంటారు. ప్రపంచానికి అది మస్కట్ హాంబర్గ్, మాకు పన్నీరు వాసన గల నల్లద్రాక్ష. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ పందిట్లోకి దూరి తిన్నది. ఇప్పుడు ఆ డబ్బా మీద కంబం అని ఊరి పేరు ఉంటుంది. మా పేరు ముందు లేకపోయినా ద్రాక్ష పేరు ముందు ఊరు ఉందని మా చెల్లెలు ఫొటో పంపింది.

ఇక తమ్ముడికి జవాబు. నువ్వు అడిగింది ద్రాక్ష వెయ్యాలా వద్దా అని. మేము చూడమనేది కాగితం. ఏజెంటు చెప్పిన కాబర్నే బోర్డో గులక మీద, 45వ అక్షాంశం దగ్గర, చలికాలమంతా నిద్రపోయే తీగ. మనం 18 దగ్గర ఉన్నాము. ఇక్కడ తీగ నిద్రపోదు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి దాన్ని నడిపించాలి. నందిలోనూ నాసిక్‌లోనూ అలా నడిపి వైన్ చేస్తున్నారు, కాబట్టి కాదనము. కానీ అక్కడ సీసా మీద పెద్దక్షరాలతో రాసేది ద్రాక్ష పేరు. కాబర్నే అని రాస్తే అది నీ చేను నుంచి రావచ్చు, బిజాపూరు నుంచి రావచ్చు. ధర తగ్గిన ఏడాది కంపెనీ ఇంకో స్టేషను నుంచి బుక్ చేసుకుంటుంది, నీ కడీలు, నీ లోను నీ దగ్గరే ఉంటాయి. ఎన్నేళ్ల ఒప్పందం, కనీస ధర ఎంత, కొనకపోతే ఎవరు బాధ్యులు, ఇవి రాసి ఉన్నాయా? మా దగ్గరున్న కాపీలో ఆ మూడు చోట్లా ఖాళీలే ఉన్నాయి.

నీ చేనులో పైన ఎర్రజంబిటి, కింద నల్లరాయి. ఆ రెంటి సందులో నీరు నిలుస్తుందనే సంగతి పట్టుకుని బహమనీల నాటివాళ్లు సురంగ బావులు తవ్వారు. అలాంటి నేలకు ఏ తీగ సరిపోతుందో కాబర్నే ఏజెంటు కన్నా నీ కొడుకు బాగా చెప్పగలడు, చదివింది అదే. వాడు మొదట అరెకరంలో మూడు నాలుగు రకాలు వేసి చూద్దాము నాన్నా అంటున్నాడు. మేమైతే వాడి మాట వింటాము. గ్రూపులో నవ్విన పెద్దలు కూడా ఒకసారి ఆ చేను దాకా వస్తే బాగుంటుంది.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మేము తమ్ముడి చేనుకు వెళ్తున్నాము. మట్టి పరీక్షకు మూడు చోట్ల తవ్వాలి, రెండు పారలు ఉన్నాయి, ఇంకొకటి కావాలి. సీసా మా అల్మారాలో బిద్రీ కూజా పక్కన ఉంది, లేబుల్ చూడాలనుకున్నవాళ్లు ఎప్పుడైనా రండి, టీ ఇస్తాము. మా ఇంటిపేరు మనవరాలికి నిన్న రాత్రి చెప్పాము. ఆ ఊరు మ్యాపులో వెతికింది. ఉంది.